రోజూ కూర్చునే పళ్ళ డాక్టరు కావాలి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు, పశ్చిమ ప్రకాశంలోని ఒక చిన్న పట్టణ పౌరులు సమర్పించుకొను వినతిపత్రం.

విషయం: ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యుడు ప్రతిరోజూ అందుబాటులో ఉండేలా చూడవలసిందిగా ప్రార్థన.

అయ్యా,

పళ్ళ ఆసుపత్రి బోర్డులకు మా ఊళ్ళో కొదవలేదు. క్లిప్పులు వేసే డాక్టరు ఆదివారం వస్తారు, ఇంప్లాంట్ల డాక్టరు నెలకోసారి వస్తారు. మంగళవారం రాత్రి పన్ను పోటెత్తినవాడికి బుధవారం పొద్దున నోరు తెరిపించి చూసే మనిషే లేరు. పిప్పి ఏ పంటిదో తేల్చి, సిమెంటు పెడితే సరిపోతుందా, పీకాల్సిందేనా అని చెప్పే మామూలు బీడీఎస్ డాక్టరు మాకు కావాలి. పెద్ద వైద్యం అవసరమైతే ఒంగోలుకో గుంటూరుకో వాళ్ళే రాసి పంపుతారు.

రూట్ కెనాల్ సగం చేసి వెళ్ళిన డాక్టరు మళ్ళీ వచ్చేలోగా దవడ వాస్తే మాకు మందుల షాపే దిక్కు. నొప్పి బిళ్ళతో పోటు తగ్గుతుంది గానీ పుచ్చు ఆగదు. ఒంగోలు వెళ్ళాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీలు ఇద్దరివి, ఎందుకంటే ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ తోడు కావాలి. అందుకే చాలామంది సంతలో కట్టుడు పళ్ళు అమ్మేవాడి దగ్గరే కూర్చుంటున్నారు. రిజిస్ట్రేషన్ లేనివారు పళ్ళ వైద్యం చేయరాదని చట్టం చెబుతోంది. కానీ ఎవరు చదువుకున్న డాక్టరో, ఎవరు డాక్టరు దగ్గర కొన్నాళ్ళు పనిచేసి బోర్డు కట్టుకున్నవారో మాకు చెప్పేవారు లేరు. పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం ఇంకా ఇంటింటా ఉంది. దాన్ని పోగొట్టాల్సింది కూడా డాక్టరే.

మా ప్రాంతానికి ఇంకో బాధ ఉంది. పొదిలి, దర్శి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లావి. ఆ జిల్లా ప్రజల్లో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని జాతీయ ప్రమాణం. అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు పన్ను చిగురు కిందనే గారపడుతుంది. అది తోమితే పోయే మురికి కాదు. ఆ సంగతి తెలియక ఇటుకపొడితో, బొగ్గుతో రుద్ది ఉన్న పింగాణీని అరగదీస్తున్నారు. పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని నవ్వే ఆడపిల్లల గురించి తమకు వేరే చెప్పనక్కరలేదు. గార ఏదో, పుచ్చు ఏదో బడికి వచ్చి విడదీసి చెప్పే డాక్టరు ఒక్కరుంటే సగం పళ్ళు నిలుస్తాయి.

ఇక అసలు సంగతి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. మా ఆసుపత్రిలో పోస్టు ఉంది, గది ఉంది, కుర్చీ కూడా ఉంది. కంప్రెసర్ చెడి మూలపడింది. డాక్టరు గారిని డిప్యుటేషన్ మీద వేరేచోటికి పంపారు. జీతం మాత్రం మా పోస్టు మీదే. కాబట్టి కాగితం మీద ఖాళీ లేదు! కిందటిసారి మేమిచ్చిన అర్జీకి "పోస్టు భర్తీ అయి ఉన్నది, సమస్య పరిష్కరించబడినది" అని జవాబు వచ్చింది. పంటి పోటుతో ఆ జవాబు చదివినవారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కావున తమరు దయచేసి ఆ డిప్యుటేషన్ రద్దు చేయించి, కంప్రెసర్ బాగుచేయించి, ఓపీ ఆదివారం తప్ప అన్ని రోజులూ నడిచేలా ఉత్తర్వులు ఇప్పించాలి. రిజిస్టరైన దంతవైద్యుల పేర్లు, నంబర్లు ఆసుపత్రి గోడ మీద రాయించాలి. బడిపిల్లల ఆరోగ్య తనిఖీలో పళ్ళు కూడా చూడాలని నియమం ఉంది కాబట్టి, ఆ పని ఈ డాక్టరుకే అప్పగించాలి. ఈసారి మాత్రం పోస్టు భర్తీ అయి ఉన్నదన్న జవాబు పంపవద్దని, ఆ పోస్టులోని డాక్టరునే పంపగలరని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
పట్టణ పౌరులు