పిలుపు సరే, పునాది ఏదీ?

2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్‌లో పి.వి.సింధు తొలి మ్యాచ్ ఆడింది. టీవీ పెట్టుకుని కూర్చున్నవాళ్లు కాఫీ తాగడం పూర్తిచేసేలోగా అయిపోయింది. 21-9, 21-6. మనకది శుభారంభం, అంతే. నెట్‌కు అవతల నిలబడిన అమ్మాయి పేరు ఎందరికి గుర్తుంది? ఫాతిమత్ నబాహా అబ్దుల్ రజాక్. సుమారు ఐదు లక్షల జనాభా ఉన్న మాల్దీవుల నుంచి పారిస్ వచ్చిన ఐదుగురు క్రీడాకారుల్లో ఒకరు. మనవైపు నుంచి చూస్తే అది సింధుకు వామప్. అటువైపు నుంచి చూస్తే రియోలో రజతం, టోక్యోలో కాంస్యం గెలిచిన మనిషి మీద సాధించిన పదిహేను పాయింట్లు.

నబాహా ర్యాంకింగ్ మెట్లెక్కి అక్కడికి రాలేదు, ఆహ్వానం మీద వచ్చింది. ఒలింపిక్స్‌కు రాజమార్గం అందరికీ తెలిసిందే: నిర్ణయించిన టైమింగో, ర్యాంకో, క్వాలిఫయింగ్ టోర్నీలో స్థానమో సాధించాలి. అది చేతకాని దేశాలకు పక్కదారి ఒకటుంది. వ్యక్తిగత క్రీడల్లో గత రెండు ఒలింపిక్స్‌కు సగటున ఎనిమిది మందికి మించి పంపలేని దేశాల కోసం కొన్ని స్థానాలు విడిగా ఉంచుతారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, జాతీయ కమిటీల సంఘం, ఆయా క్రీడల సమాఖ్యలు కలిసి కూర్చుని వాటిని పంచుతాయి. అథ్లెటిక్స్‌లో పద్ధతి కాస్త వేరు. అర్హత సాధించినవారు ఒక్కరూ లేని దేశం తన ఉత్తమ అథ్లెట్‌ను ఒకరిని పంపుకోవచ్చు. వాడుకలో దీనంతటికీ వైల్డ్ కార్డు అనే పేరు స్థిరపడింది.

ఈ ఏర్పాటు మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ప్రపంచంలో ఇరవయ్యో, ముప్పయ్యో ర్యాంకు ఉన్నవాడు ఇంట్లో కూర్చుంటే, ఎక్కడో అట్టడుగున ఉన్నవాడు ఒలింపిక్ గ్రామంలో ఉండటం ఏమి న్యాయమని కొందరు అడుగుతారు. ఒలింపిక్స్ అంటే లోకమంతా, పతకాల పట్టికలో పైనున్న పాతిక దేశాలు కావని మరికొందరు అంటారు. రెండో మాటే సరైనది. పారిస్‌కు సుమారు పదిన్నర వేలమంది క్రీడాకారులు వెళ్లారు. ఆహ్వానితుల స్థానాలు అందులో పిసరంత. నౌరు, బెలీజ్, సోమాలియా, లీచ్టెన్‌స్టైన్ దేశాల నుంచి ఒక్కొక్కరే వచ్చారు. ఆ ఒక్కరినీ రావద్దంటే మిగిలేది ఒలింపిక్స్ కాదు, ధనిక దేశాల అంతర్ కళాశాలల పోటీ. కాబట్టి తలుపు ఉండాలా వద్దా అన్నది అసలు తగవే కాదు. ఆ తలుపుదాకా నడిచి రావడానికి కావలసిన నాలుగేళ్లను ఎవరు సమకూరుస్తున్నారన్నదే తేలాల్సిన సంగతి.

భూటాన్‌ను చూడండి. ఎనిమిది లక్షల లోపు జనాభా. విలువిద్య అక్కడి జాతీయ క్రీడ. ఊరూరా మైదానం ఉంటుంది. 140 మీటర్లకు పైగా దూరంలో చిన్న చెక్క గురి. దాని వెడల్పు జానెడు మీద రెండు మూడు వేళ్లు, అంతే. మైదానానికి రెండు చివరలా గురులుంటాయి. ఇటు నుంచి అటు వేసి, నడిచి వెళ్లి, అటు నుంచి ఇటు వేస్తారు. బాణం తగిలితే జట్టంతా వరసలో నిలబడి పాడుతూ ఆడుతుంది. అవతలి జట్టువాళ్లు గురి పక్కనే నిలబడి విలుకాడిని ఆటపట్టించడం కూడా ఆటలో భాగమే. చూసే కొద్దీ ముచ్చటేస్తుంది. కానీ ఒలింపిక్ విలువిద్య వేరే లోకం. దూరం 70 మీటర్లు, గుండ్రటి గురి, రికర్వ్ విల్లు, గడియారం లెక్క, చుట్టూ నిశ్శబ్దం. ఊరి మైదానంలో వచ్చిన చేయి అక్కడ నేరుగా పనికిరాదు. విల్లు ఖరీదైనది, కోచ్ కావాలి, ఏడాదికి నాలుగైదు అంతర్జాతీయ టోర్నీలు ఆడాలి.

భూటాన్ 1984లో లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి ఒలింపిక్ బరిలో దిగింది. విలుకాళ్లతోనే వెళ్లింది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా మరో ఆటే లేదు. 2012 లండన్‌లో షూటింగ్ చేరింది. అన్నీ ఆహ్వానాలే. రాజమార్గాన ఒకరు రావడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. కర్మ అనే విలుకత్తె 2019లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్వాలిఫయింగ్ పోటీలో టోక్యో బెర్తు సంపాదించింది. ఎవరి దయా అక్కర్లేకుండా ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భూటానీ ఆమె. టోక్యోలో తొలి రౌండ్‌లో ఎదురైంది ఎవరో కాదు, మన దీపికా కుమారి. 6-0తో దీపిక గెలిచింది. మన పత్రికల్లో ఆ వార్త దీపిక కథగానే వచ్చింది, రావాల్సిందీ అలాగే. అయినా ఆ ఓటమికీ అంతకుముందు భూటాన్ విలుకాళ్ల ఓటములకూ ఒక తేడా ఉంది. కర్మ అక్కడ ఉండటాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు.

పారిస్‌కు భూటాన్ నుంచి ముగ్గురు వెళ్లారు. వారిలో కింజాంగ్ ల్హామోను ప్రపంచమంతా చూసింది. ఆగస్టు 11, ఆఖరి రోజు, మహిళల మారథాన్. సిఫాన్ హసన్ 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లలో గెలిచి, ఊపిరి పీల్చుకుని, జెండా కప్పుకుని, విలేకరులతో మాట్లాడాక కూడా ల్హామో ఇంకా పరుగెడుతూనే ఉంది. 3 గంటల 52 నిమిషాల 59 సెకన్లకు, 80వ స్థానంలో, అందరికంటే చివర గీత దాటింది. దారి పొడవునా జనం పక్కన సైకిళ్ల మీద, కాలినడకన తోడు వచ్చారు. వీడియోలు కోట్లమందికి చేరాయి. ఓడినా గెలిచిందని రాసేశారు.

ఈ చప్పట్ల మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ల్హామో చేసింది చిన్నపని కాదు. వెర్సాయ్ దాకా వెళ్లి వచ్చే ఆ మార్గంలో ఎత్తుపల్లాలకు గట్టి అథ్లెట్లే మధ్యలో ఆగిపోయారు. అయితే ఆమె అసలు బలం ఏమిటి? అయిదు వేల మీటర్లు దాటే ఎత్తులకు ఎక్కుతూ, హిమాలయాల్లో, రెండొందల కిలోమీటర్లు సాగే స్నోమన్ రేసులో పరుగెత్తిన మనిషి ఆమె. ఆ కొండదారుల పరుగు ఒలింపిక్స్‌లో లేదు. పారిస్‌లో అథ్లెటిక్స్ ఆహ్వానాలు 100 మీటర్లు, 800 మీటర్లు, మారథాన్‌కే పరిమితం. అందుకే తారు రోడ్డు మీద నగర మారథాన్‌కు వచ్చింది. నిబంధన రాసినవారికి ఇది నిర్వహణ సౌలభ్యం కావచ్చు. చిన్న దేశానికి మాత్రం పీటముడి. ఊళ్లో ఈటె బాగా విసిరే కుర్రాడు ఉన్నా, ట్రిపుల్ జంప్‌లో ఎదుగుతున్న అమ్మాయి ఉన్నా, ఆహ్వానం మీద పంపాలంటే ఈ మూడు పరుగుల్లోనే ఎవరినో ఒకరిని వెతకాలి. ఆ వెతికినవారు 100 మీటర్లలో అసలు హీట్స్‌కు ముందే ఓ ప్రాథమిక రౌండ్ పరుగెత్తి, చాలావరకు అక్కడి నుంచే ఇంటిదారి పడతారు.

ట్రిపుల్ జంప్ మాట ఊరికే అనలేదు. 2024 ఆగస్టు 3న పారిస్‌లో ఆ పోటీలో 15.02 మీటర్లు దూకి స్వర్ణం గెలిచింది థియా లాఫాండ్. దేశం డొమినికా, జనాభా సుమారు 70 వేలు, మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. అదే రాత్రి 100 మీటర్ల పరుగును 10.72 సెకన్లలో గెలిచి సెయింట్ లూసియాకు చరిత్రలో తొలి ఒలింపిక్ పతకం తెచ్చింది జూలియన్ ఆల్ఫ్రెడ్. ఆ దేశ జనాభా రెండు లక్షలు నిండదు. టోక్యోలో 34 వేలమంది ఉన్న శాన్ మరీనో అయిదుగురిని పంపి మూడు పతకాలు తెచ్చుకుంది.

ఇలాంటి ఫలితాలు వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒక పాట మొదలవుతుంది: రెండు లక్షలైనా లేనివారికి స్వర్ణం, నూటనలభై కోట్లమందికి ఆరు పతకాలా, అందులో ఒక్క స్వర్ణమూ లేదా అని. వినడానికి బాగుంటుంది కానీ లెక్క తప్పు. పతకం జనాభా వేసే పంట కాదు. పదిహేడు కోట్లమంది ఉన్న బంగ్లాదేశ్‌కు ఇప్పటిదాకా ఒక్క ఒలింపిక్ పతకం రాలేదు. సొంతంగా అర్హత సాధించిన తొలి బంగ్లాదేశీ 2016లో గోల్ఫర్ సిద్దికుర్ రెహమాన్. అంటే ఈ విషయంలో భూటాన్‌కు మూడేళ్లే ముందు! చిన్న దేశమంటే ఏమిటో మ్యాపు చూసి చెప్పలేం. ట్రాకు, కోచ్, పోటీలు, విమానం టికెట్లు, గాయమైతే చూసే వైద్యుడు లేని దేశమే క్రీడల్లో చిన్న దేశం.

ఆల్ఫ్రెడ్ కథలో అందరూ దాటేసే భాగం ఇదే. పద్నాలుగేళ్లప్పుడు ఆమె ఇల్లు వదిలి జమైకా వెళ్లింది, అక్కడి నుంచి అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి. సెయింట్ లూసియాలో ప్రధానమైన జార్జ్ ఆడ్లమ్ స్టేడియం ఏమైందంటే, 2009లో సెయింట్ జూడ్ ఆసుపత్రి అగ్నికి ఆహుతైనప్పుడు రోగుల్ని అందులోకి తరలించారు. తాత్కాలికం అన్నారు. పదేళ్లు దాటినా స్టేడియం ఆసుపత్రిగానే ఉండిపోయింది. (మన ప్రభుత్వ భవనాల సంగతి తెలిసినవారికి ఇందులో వింత కనపడదు.) స్వర్ణం గెలిచాక ఆల్ఫ్రెడ్ ఒట్టికాళ్లతో పరుగెత్తిన రోజుల్ని తలచుకుని, ఈ పతకం తన దేశంలో కొత్త స్టేడియానికి దారితీయాలని కోరుకుంది. లాఫాండ్ చిన్నప్పుడే అమెరికా చేరింది. శాన్ మరీనోకు కుస్తీలో కాంస్యం తెచ్చిన మైల్స్ అమీన్ పుట్టి పెరిగింది మిషిగన్‌లో. జెండా ఒక దేశానిది, తర్ఫీదు మరో దేశానిది. ఇందులో మోసమేమీ లేదు, తప్పు పట్టాల్సిందీ లేదు. కానీ విదేశీ విద్యార్థి వేతనం దొరికిన ఒక్కరూ పైకొస్తారు, ఊళ్లో మిగిలిన పదిమందీ అక్కడే ఉండిపోతారు. దీనికి భిన్నంగా నిలిచింది ఫిజీ. ప్రతి పల్లెలో ఆడే రగ్బీతోనే 2016లో రియోలో బ్రిటన్‌ను 43-7తో ఓడించి తన తొలి పతకాన్నే స్వర్ణంగా అందుకుంది. ఆట మట్టిలో ఉంటే సరిపోదని భూటాన్ చెబుతోంది, ఉంటే ఎంత దూరం పోవచ్చో ఫిజీ చెబుతోంది. ఫిజీ ఆటను ప్రపంచం దాని పల్లెల్లో ఆడినట్టే ఆడుతుంది, అది దాని అదృష్టం.

ఒలింపిక్స్‌లో కాకపోయినా, అర్హత ప్రమాణం అడగని చోట ఎంపిక దుర్వినియోగం కాకపోలేదు. 2023లో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో సోమాలియా తరఫున ఓ యువతి 100 మీటర్లు పరుగెత్తడానికి 21.81 సెకన్లు తీసుకుంది. గెలిచిన అమ్మాయి టైమింగుకు దాదాపు రెట్టింపు. బంధుప్రీతి ఆరోపణలు రేగి, అక్కడి అథ్లెటిక్స్ సమాఖ్య అధ్యక్షురాలిని సస్పెండ్ చేశారు. నవ్వులపాలైంది మాత్రం పరుగెత్తిన అమ్మాయి. ఎంపిక చేసినవాళ్లు కెమెరాలో ఎక్కడా లేరు. ఎవరినో ఒకరిని పంపితే చాలన్న అలవాటు వల్లనే ఇలాంటివి జరుగుతాయి. ఆహ్వానం పోటీకి కొన్ని నెలల ముందు అందే టికెట్‌గా ఉన్నంతకాలం అది ఎవరి చేతిలో ఉంటే వారి ఇంటివాళ్లకు దక్కుతూనే ఉంటుంది.

ఒలింపిక్ కమిటీ దగ్గర డబ్బు లేదా అంటే ఉంది. టీవీ హక్కుల రాబడి నుంచి ఒలింపిక్ సాలిడారిటీ పథకానికి 2021-24 కాలంలో సుమారు 59 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో నుంచి స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తారు. ఆహ్వానానికీ ఆ స్కాలర్‌షిప్పుకూ ముడి పెట్టాలి. ఒక దేశానికి స్థానం ఇవ్వదలిస్తే ఆటల ముందు ఏడాది కాక, మూడేళ్ల ముందే ఆటగాడిని గుర్తించి, కోచ్‌నీ పోటీలనూ సమకూర్చి, కనీస ప్రమాణం ఒకటి పెట్టాలి. అథ్లెటిక్స్‌లో మూడు పరుగులకే కట్టేసే నిబంధననూ సడలించాలి. 2028 లాస్ ఏంజెలెస్‌కు ఇది ఆలస్యమే. తర్వాతి ఒలింపిక్స్‌కైనా అందుతుంది.

ఇక మన సంగతి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. 2036 ఒలింపిక్స్ కూడా కావాలని భారత్ అడుగుతోంది. పెద్ద ఆటలు పెట్టాలనుకునే దేశం పక్కింటివాళ్ల ఆటను కూడా పట్టించుకోవాలి. మాల్దీవులు కామన్వెల్త్ సభ్యదేశం, అహ్మదాబాద్‌కు వస్తుంది. సింధు ఎదిగిన హైదరాబాద్ బ్యాడ్మింటన్ కోర్టులకు మాలే నుంచి కొన్ని గంటల ప్రయాణం. మన విలువిద్య శిబిరాలకు థింపూ ఇంకా దగ్గర. స్టేడియాల గోడలు లేపడానికి పెట్టే ఖర్చులో వందో వంతు చాలు, ఏటా ఇరుగుపొరుగు దేశాల నుంచి పాతికమంది పిల్లల్ని రప్పించి, మన వాళ్లతో పాటే తర్ఫీదు ఇవ్వడానికి. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. 2030లో పతకం తేవాల్సిన పిల్లలకు ఇప్పటికే పదిహేనేళ్లు దాటుతున్నాయి.