జపమాల తిప్పండి, మాత్ర మానకండి

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో పక్షవాతంతో ఒక తల్లిని ఆసుపత్రికి తెచ్చారు. ప్రార్థిస్తున్నాను కదా అని, ఎవరో చెప్పిన మాట నమ్మి, ఆమె కొన్ని నెలలుగా రక్తపోటు మాత్రలు మానేసింది. కుడిచేయి పడిపోయింది. కొంత కోలుకున్నాక ఎడమచేతితో జపమాల తిప్పుతూ కనిపించింది. ఆ దృశ్యం నేటికీ నా కళ్ల ముందే ఉంది.

ఒకే చిన్న ప్రార్థనను పదేపదే పలకడం క్రైస్తవంలో కొత్త కాదు. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారి సన్యాసులు చిన్న చిన్న వాక్యాలను మననం చేసేవారు. తూర్పు సంఘాలలో అదే ‘యేసు ప్రార్థన’గా రూపుదిద్దుకుంది. గ్రీసులోని అథోస్ పర్వతంపై మఠవాసులు ముడుల తాడు చేతబట్టి, తమను కరుణించమని ప్రభువును వేడుకునే ఆ ఒక్క వాక్యాన్నే నేటికీ జపిస్తారు. కతోలికుల జపమాలలో మరియమాతను వేడుకునే జపం పదేసి చొప్పున ఐదు వరుసలు సాగుతుంది.

‘వ్యర్థమైన మాటలు వల్లించవద్దని సువార్తలోనే ఉంది కదా’ అని కొందరు విశ్వాసులు ఆక్షేపిస్తారు. అయితే గెత్సేమనేలో యేసు మూడవసారి కూడా అవే మాటలతో ప్రార్థించినట్లు అదే మత్తయి సువార్త చెబుతున్నది. కనుక దోషం పునరుక్తిలో లేదు, మనసు పెట్టకపోవడంలో ఉందని నా అభిప్రాయం.

ఇక వైద్యం మాట. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వైద్యుడు లూచానో బెర్నార్డి బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియమాత జపాన్నీ, ‘ఓం మణి పద్మే ఓం’ మంత్రాన్నీ పలికించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుసార్లకు నెమ్మదించింది. సాధారణంగా మనం విశ్రాంతిలో 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాం. రక్తపోటు మార్పులకు అనుగుణంగా గుండె వేగాన్ని సర్దే నాడీ ప్రతిచర్య కూడా ఆ సమయంలో మెరుగుపడింది. మతాలు వేరైనా ఊపిరి లయ ఒకటే కావడం నన్ను ఎంతో ఆకట్టుకుంది.

కానీ గమనించండి. వారు రోగులు కారు. పరీక్ష జరిగింది కొద్దిసేపే. జపం రక్తపోటును నయం చేస్తుందని ఆ అధ్యయనం నిరూపించలేదు. మాత్ర పనిని జపానికి అప్పగించడం ప్రమాదకరం. అలాగే ప్రార్థనను కేవలం శ్వాస వ్యాయామంగా చూడటం మా వైద్యులు చేసే పొరపాటు. భక్తుడు అడిగేది కరుణను. మనశ్శాంతి దానివెంట రావచ్చు, రాకపోవచ్చు.

మీరు జపించేవారైతే నిదానంగా కూర్చొని జపించండి. ఊపిరిని బలవంతంగా బిగబట్టకండి. గురువు లేకుండా శ్వాస పద్ధతులు సాధన చేయవద్దని తూర్పు సంఘాల పెద్దలే హెచ్చరించారు. తల తిరిగితే ఆపండి. ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా జపం పూర్తయ్యే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దారిలో జపించవచ్చు.

ఆ తల్లి ప్రార్థనలో తప్పు లేదు. ఆ ప్రార్థనను మాత్రకు పోటీగా నిలిపినవారిదే తప్పు. మీ ఇంట్లో జపమాల ఉన్న పెద్దలుంటే, వారి పక్కన మాత్రల డబ్బా కూడా ఉందో లేదో ఈ రోజే చూడండి.