గ్రంథాలయ సెస్సు మనదీ, కుర్చీ కూడా మనదే

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటిపన్ను ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పంచాయితీలూ మునిసిపాలిటీలూ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. అద్దెకుండే స్త్రీ కూడా అద్దెలో ఆ భారం మోస్తూనే వుంది. కాబట్టి గ్రంథాలయం ఎవరి దయా కాదు.

ఆ డబ్బుకి దక్కేదేమిటి? ఏ ఒక్క ఇల్లూ కొనలేనన్ని పత్రికలు, పోటీపరీక్షల పుస్తకాలు, నవలలు. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కూర్చునే చోటు. మగవాడికి టీ కొట్టుంది, రచ్చబండ వుంది. మనకేదీ?

1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించడానికి అక్షరాస్యత తరగతి పాఠం ప్రేరణ అయింది. తరగతులు ముగిశాక ఆ అక్షరాన్ని నిలబెట్టాల్సింది గ్రంథాలయమే. కానీ మరుగుదొడ్డి లేని చోటికి, అంతా మగవాళ్ళే నిండిన గదికి ఆడపిల్ల ఎలా వెళ్తుంది? పన్ను కట్టించుకునేటప్పుడు లేని తేడా పఠన మందిరంలో ఎందుకు?

నేను కోరేది ఒకటే. వచ్చే గ్రామసభలో, వార్డు సమావేశంలో మనం లెక్క అడగాలి: వసూలైన సెస్సెంత? సంస్థకి జమ చేసిందెంత? అందులో స్త్రీల వసతికి ఖర్చయిందెంత?