కడప రేడియోకొక కైఫీయత్తు కావలెను

తెలుగు వాక్యము శిలాక్షరములలో మనకు కనుపించు మిక్కిలి ప్రాచీన స్థలము కడప మండలమందలి కలమళ్ళ. క్రీస్తుశకము 575 ప్రాంతమున రేనాటి చోళుల కాలములో చెక్కబడిన ఆ శాసనము శిథిలమైనను నేటికిని పండితులచే పఠింపబడుచున్నది. ఆ మండలముననే 1963లో ఆకాశవాణి కేంద్రమొకటి వెలసి, అరువది యేండ్లకు పైబడి, దినదినమును తెలుగు మాటను గాలిలోనికి పంపినది. పదునాలుగు శతాబ్దముల నాటి రాతిమాటను గూర్చి వ్యాసములు, వాదములు, గ్రంథములు కలవు; మన తల్లిదండ్రులు చెవులారా విన్న గాలిమాటను గూర్చి, అది ఎవరిచే, ఏ యంత్రముచే, ఎంత కష్టముచే పలుకబడినదో వివరింపగల చరిత్ర మాత్రము వ్రాయబడవలసియే యున్నది. దీనిని చిన్నలోపముగా నెంచుటకు నాకు మనసొప్పదు.

ప్రసారచరిత్ర యనునది గ్రంథరచనకు తగిన విషయము కాదని తలచువా రున్నచో, ఇతరదేశములవైపు ఒక్కసారి చూడవలెను. ఇంగ్లండు ప్రసారచరిత్రను ఆసా బ్రిగ్స్ 1961 మొదలు 1995 వరకు అయిదు సంపుటములుగా వ్రాసెను. అమెరికా ప్రసారచరిత్రను ఎరిక్ బార్నో మూడు సంపుటములుగా వెలయించెను. మనదేశమున హెచ్. ఆర్. లూత్రా 1986లోను, పి. సి. ఛటర్జీ 1987లోను ఆంగ్లమున సమగ్ర గ్రంథములు రచించిరి. వీరిద్దరును ఆకాశవాణిలో పనిచేసి దాని లోగుట్టు నెరిగినవారే. అయితే ఢిల్లీనుండి చూచు దృష్టికి విధానములు, చట్టములు, కేంద్రముల సంఖ్య ప్రధానములు గాని, జమ్మలమడుగు ప్రాంతమున ఒక పల్లెచావడిలో పంచాయతీ రేడియో చుట్టు కూర్చుండి వానకబురు కొరకు ఎదురుచూచిన సేద్యగాండ్రు ప్రధానులు కారు. ఆ పని ఢిల్లీవారు చేయవలెనని కోరుటయు న్యాయము కాదు. అది మన పని.

తెలుగున ఈ వాఙ్మయము బొత్తిగా లేదనుట అపచారము. 1938లో ఆకాశవాణి మద్రాసు కేంద్రము ప్రారంభమైన నాటి వాతావరణమును ఆచంట జానకిరామ్ స్మృతులలో చదివినవారికి, మాటను మైక్రోఫోను ముందు పెట్టుటయే ఒక నూతన కళగా నుండిన దినములు కన్నులకు గట్టును. బాలాంత్రపు రజనీకాంతరావు, శారదా శ్రీనివాసన్ తమ అనుభవములను గ్రంథస్థము చేసిరి. ఆకాశవాణిలో రెండు దశాబ్దములు పనిచేసి, కడప కేంద్రమునకును సేవచేసిన గొల్లపూడి మారుతీరావు తన ఆత్మకథను విపులముగా వ్రాసెను. వీరందరిలోను ఈ విషయమున మన మెక్కువ ఋణపడినది రేవూరు అనంతపద్మనాభరావునకు. కడప కేంద్రమున స్వయముగా ఉద్యోగించిన ఆయన 1996లో వెలువరించిన ‘ప్రసార ప్రముఖులు’ లేకున్నచో ఎందరి పేర్లో నేటికి మరుగున పడియుండెడివి. కాని ఆ గ్రంథము పేరే చెప్పుచున్నట్లు అది ప్రముఖులను గూర్చినది. స్మృతిరచనలలోనైనను వెలుగు మద్రాసు, విజయవాడ, హైదరాబాదులమీద పడినంతగా కడపమీద పడదు. కళాకారులమీద పడినంతగా ఇంజనీర్లమీద అసలే పడదు.

ఈ రెండవలోపమే నన్నెక్కువగా బాధించునది. రేడియో చరిత్రను కంఠముల చరిత్రగా మాత్రమే వ్రాయుట సగము వ్రాయుట. కడప కేంద్రము మధ్యతరంగములలో 900 కిలోహెర్ట్జుల మీద 100 కిలోవాట్ల శక్తితో పలికిన కేంద్రము; లెక్కగట్టినచో దాని తరంగదైర్ఘ్యము సుమారు 333 మీటర్లు. ఇట్టి తరంగము పగటివేళ భూమి నంటిపెట్టుకొని నడచును. కావున నేల యెట్టిదో, అందు తడి యెంతయో, దానినిబట్టి తరంగము ఎంతదూరము పోగలదో నిర్ణయమగును. తీరప్రాంతపు చెమ్మనేల, ఉప్పునేల దానికి దారి యిచ్చును. సీమయందలి ఎండుభూమి, బండనేల దాని శక్తిని త్రాగివేయును. ఆ నష్టమును తగ్గించుటకై మధ్యతరంగ స్తంభము మొదటినుండి నలుదిక్కులకును రాగితీగెలను భూమిలో పాతి పరతురు. సూర్యుడస్తమించిన తరువాత కథ మారును: పగలు తరంగమును పీల్చివేసిన పైవాతావరణపు పొర క్షీణింపగా, ఆకాశమునుండి తిరిగివచ్చు తరంగములతో దూరకేంద్రములు చెవిలో పడి, దగ్గరి కేంద్రమునకే అడ్డుతగులును. ఎఫ్.ఎమ్. తరంగము కిట్టి చిక్కులు లేవు గాని, అది చూపుమేర నడచునది. నల్లమల, ఎర్రమల, పాలకొండలు అడ్డుపడిన చోట కొండ కావలి పల్లె దాని నీడలో నుండిపోవును. వానలు వరుసగా తప్పిన ఏండ్లలో ఇక్కడి నేలమీద ప్రసారబలము ఎట్లుండెడిది? ఏ మండలములనుండి శ్రోతలు వినరాదని జాబులు వ్రాసిరి? రాత్రి పాళీలో ట్రాన్స్‌మిటరు నొద్ద మేల్కొనియుండిన ఇంజనీరు, విద్యుత్తు పోయినప్పుడు, పిడుగు స్తంభముమీద పడినప్పుడు ఏమి చేసెను? సుంకేశులనుండి కడపదాక సుమారు 300 కిలోమీటర్లు పారు కర్నూలు–కడప (కె.సి.) కాలువను పందొమ్మిదవ శతాబ్దమున ఎవరు త్రవ్విరో, ఎక్కడ తప్పిరో, ఎంత నష్టపడిరో గెజిటీర్లు మనకు చెప్పుచున్నవి. ఆ రెండు మండలములమీదనే పారిన మాటల కాలువకు అట్టి లెక్క యొకటి ఎందుకుండరాదు?

కర్నూలు సంగతి మరియొక తీరు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడి ఆ నగరము రాజధానియైనది. 1956లో ఆ పదవి పోవువరకును దానికి రేడియో కేంద్రము లేదు. ప్రభుత్వము కర్నూలులో, రాష్ట్రపు గొంతు 1948నుండి విజయవాడలో: మూడేండ్ల ఆ విచిత్రస్థితిలో రాజధాని ప్రజలు తమ నగరపు వార్తనే మరియొక నగరమునుండి ఎట్లు వినిరో తెలిసికొన్నచో, ఆంధ్రరాష్ట్ర చరిత్రకే ఒక క్రొత్త అధ్యాయము లభించును. సొంత కేంద్రము ఆ నగరమునకు దశాబ్దముల తరువాత గాని రాలేదు. టెలివిజను మనపల్లెల నెట్లు ప్రవేశించినదనుటయు ఇందులో చేరవలసిన మాటయే. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము ఆంధ్రప్రదేశ్ మొదలగు ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా నేరుగా బొమ్మలు పంపిన ప్రయోగమును గూర్చి శాస్త్రజ్ఞుల నివేదికలు కలవు, చూచిన పల్లెవారి నోటిమాట మాత్రము తెలుగున తగినంతగా లేదు.

ఈ పనికి మార్గము మనసీమలోనే కలదు. రెండు శతాబ్దములకు పూర్వము కల్నల్ మెకంజీ, కావలి సోదరుల వంటి సహాయకులతో, దత్తమండలములయందు గ్రామగ్రామమునకు మనుష్యులను పంపి, కరణములను, వృద్ధులను అడిగి కైఫీయత్తులు వ్రాయించెను. రాజుల చరిత్రకు అందని చెరువులు, గుడులు, కరువులు, కక్షలు ఆ కైఫీయత్తులలో నిలిచినవి. కడప రేడియోకును అట్టి కైఫీయత్తే కావలెను. ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీర్లు, అనౌన్సర్లు, వాద్యకారులు, టేపు గ్రంథాలయపు పరిరక్షకులు, వ్యవసాయ కార్యక్రమములకు మాటలిచ్చిన రైతులు, ఉత్తరములు వ్రాసిన శ్రోతలు, ఊరిలో రేడియో బాగుచేసి జీవించిన మరమ్మతుకారులు – వీరిని ఊరూరికి పోయి అడుగవలెను. టేపు ఖరీదైన దినములలో ఒక ప్రసంగమును తుడిచి అదే చుట్టమీద మరియొకటి ముద్రించుట ప్రపంచమున పెక్కు ప్రసారసంస్థల అలవాటు. కావున పోయిన ధ్వనికి మిగిలిన సాక్ష్యము మనుష్యుల జ్ఞాపకమే. పుట్టపర్తి నారాయణాచార్యులవంటి మహాపండితుడు కడపలో నివసించిన కాలమది. ఆయన కంఠము ఏ చుట్టలో మిగిలియున్నదో, ఏ యింటి క్యాసెట్టులో దాగియున్నదో వెదకవలదా? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచినప్పుడు ఇండ్లలోని కాగితములకు, క్యాసెట్లకు ఏమి గతి పట్టెనో ఆ నగరవాసులకు ఎవరును చెప్పనక్కరలేదు. వెదకుటకు మరియొక తరము వేచియుండుట తగదు.

ఇందుకు తగిన యిల్లు కూడ కడపలో సిద్ధముగా నున్నది. సి. పి. బ్రౌన్ నివసించిన స్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు పోగుచేసి, ఇటుకపై ఇటుక పేర్చి నిలిపిన గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయపు నీడలో భాషాపరిశోధన కేంద్రమై పనిచేయుచున్నది. ఆకాశవాణి తన చుట్టలను, ప్రసార దినచర్య పుస్తకములను పరిశోధకులకు తెరచి యీయవలెను. విశ్వవిద్యాలయము భాషావిద్యార్థి నొకనిని, భౌతికశాస్త్ర విద్యార్థి నొకనిని జంటగా పంపవలెను. ఏలయన ఒకడు నాటకము నడిగి స్తంభమును మరచును, మరియొకడు స్తంభము నడిగి నాటకమును మరచును. పలుచోట్ల మధ్యతరంగ ట్రాన్స్‌మిటర్లు మూతపడుచున్న ఈ దినములలో యంత్రమును నడపినవారిని యంత్రము నొద్దనే నిలిపి అడుగుట మేలు. వ్రాయబడిన సంపుటమును సామాన్యుడు కొనగల వెలకు ముద్రించి, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని శాఖాగ్రంథాలయములకు ప్రతులు పంపి, చివర కొన్ని పుటలు ఖాళీగా విడువవలెను. చదివిన వృద్ధుడు తప్పు కనిపించిన చోట తన మాటను అందులో వ్రాసి తిరిగి పంపుటకు.