ఇంటి గోడకు తొలి బొమ్మ
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎవరైనా ఇంట్లో తొలిసారి గోడమీద బొమ్మ వేయాలనుకుంటే, ఫోన్లో దొరికే పారిస్ వీధుల బొమ్మల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. బీరువా తెరిచి గద్వాల చీర అంచు చూడండి. కోటకొమ్మ అనే నమూనా వరుస మెట్లు మెట్లుగా సాగుతుంది, దాదాపు అన్నీ తిన్నని గీతలే. చెయ్యి తిరగనివాళ్లకు అంతకు మించిన పాఠం లేదు. నూలుదారానికి జాజుపొడి రాసి, ఇద్దరు రెండు కొసలూ బిగబట్టి, నడుమ లాగి వదిలితే గోడమీద ఎర్రటి గీత పడుతుంది. అలా నిలువూ అడ్డం కొట్టుకుంటే గళ్లు తయారు; ఒక్కో గడికి ఒక్కో మెట్టు. పల్లెల్లో సున్నం గోడ అడుగున జాజుపట్టీ తీసి, దానిమీద తెల్లటి ముగ్గులు పెట్టిన ఆడవాళ్లు ఈ పని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. వాళ్లను చిత్రకారులని మనం అనకపోవడం నాకు బాధగానే ఉంటుంది. రంగులు చాలవన్న బెంగ అసలే వద్దు. 16వ శతాబ్దపు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ప్రధానంగా కనిపించేవి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపులే. గోడ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కొత్త సిమెంటు పూత కనీసం 28 రోజులు ఆరాలి. చెమ్మ మిగిలితే ప్రైమర్ కొట్టినా పొర లేస్తుంది, ఉప్పు పూస్తుంది. ఆరాక నీళ్లలో కలిసే ఎమల్షన్ చాలు, ఘాటు కూడా తక్కువ. దారం రెండో కొస పట్టుకోవడానికి అమ్మనో అత్తమ్మనో పిలవండి. అంచు ఎంత వెడల్పుండాలో వాళ్లు కంటితోనే చెప్పేస్తారు.