నీళ్లు తాగే తారు రోడ్డు.. గడ్డకట్టే చలిలో పనిచేస్తుందా?

వాన పడితే నీళ్లు నిలవవు. తారులో ఉండే సన్నని ఖాళీల్లోంచి నేరుగా కిందికి ఇంకిపోతాయి. ఇలాంటి రోడ్డు మీద చలిదేశాల్లో మొదటి నుంచీ ఉన్న అనుమానం ఒకటే: ఆ ఖాళీల్లో నీరు గడ్డకడితే రోడ్డు ఉబ్బి పగిలిపోదా?

అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్ యూనివర్సిటీ దీన్ని నేరుగా పరీక్షించింది. 2004లో డర్హమ్ క్యాంపస్‌లో ఒక పార్కింగ్ స్థలాన్ని ఇలాంటి తారుతో వేసి, ఏళ్ల తరబడి కొలతలు తీసింది. చలికి లోపలి పొరలు 71 సెంటీమీటర్ల లోతు దాకా గడ్డకట్టాయి. అయినా నీరు ఇంకడం తగ్గలేదు.

ఎందుకు పగల్లేదు?

మామూలు తారులో కంకర మధ్య సందుల్ని సన్న ఇసుక పూడ్చేస్తుంది. ఇందులో ఆ ఇసుకను దాదాపు తీసేస్తారు. కింద మందంగా కంకర పొరలు వేస్తారు. నీరు పైన ఆగకుండా జారిపోతుంది కాబట్టి, గడ్డకట్టి ఉబ్బడానికి అక్కడ పెద్దగా నీరే మిగలదు.

అసలు లాభం ఉప్పులో

మామూలు రోడ్డు మీద పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి అద్దంలా మారుతుంది. బండ్లు జారేది అక్కడే. అందుకే ఉప్పు చల్లుతారు. డర్హమ్‌లో కరిగిన నీరు కిందికి దిగిపోవడంతో 64 నుంచి 77 శాతం తక్కువ ఉప్పుతో సరిపోయింది. ఇది చిన్న విషయం కాదు. ఉప్పులోని క్లోరైడ్‌ను ఈ రోడ్డు కూడా వడకట్టలేదు, అది వాగుల్లోకి, భూగర్భ జలాల్లోకి చేరుతుంది. చల్లడం తగ్గించడమే మార్గం.

బంకమట్టి నేలైతే?

కెనడాలో టొరంటో పక్కనున్న వాన్‌లో, నీరు సరిగా ఇంకని నేల మీద కూడా నీళ్లు ఇంకే పార్కింగ్‌ను పరీక్షించారు. బయటికి పోయే నీరు 43 శాతం తగ్గింది. మిగతాది అడుగున వేసిన పైపుల ద్వారా నెమ్మదిగా వెళ్లింది.

చిక్కు ఎక్కడ?

శుభ్రతలో. జారకుండా ఇసుక చల్లితే ఖాళీలు పూడుకుపోతాయి. వాక్యూమ్ యంత్రంతో తరచూ లాగాల్సిందే. భారీ లారీలు తిరిగే దారులకూ ఇది సరిపడదు. పార్కింగ్‌లు, చిన్న వీధులే దీనికి చోటు.

హైదరాబాద్‌కు మంచు బెడద లేదు గానీ దుమ్ము ఉంది. అక్కడ ఇసుక చేసే పని ఇక్కడ కన్‌స్ట్రక్షన్ దుమ్ము చేస్తుంది. మీ కాలనీలో ఎవరైనా ఇలాంటి రోడ్డు వేస్తామంటే, ఏడాదికి ఎన్నిసార్లు శుభ్రం చేస్తారో, ఆ ఖర్చు టెండర్‌లో ఉందో లేదో ముందే అడగండి.