ట్యాబ్ నొక్కితే ఎక్కడున్నట్టు?

ఆన్‌లైన్ కోర్సులో పరీక్ష మొదలైంది. తెరమీద ప్రశ్న, కింద నాలుగు జవాబులు, ఓ మూలన పరుగెత్తే గడియారం. మౌస్ వాడేవాళ్లకు బాణం గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. మరి చేతులు వణికేవాళ్లూ, మౌస్ పట్టుకోలేనివాళ్లూ ఏం చేస్తారు? వాళ్లకి కీబోర్డే దిక్కు. ట్యాబ్, బాణం మీటలు నొక్కుతూ ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. ఎక్కడిదాకా వచ్చారో చెప్పేది బటన్ చుట్టూ వచ్చే సన్నటి గీత మాత్రమే. దాన్నే ఫోకస్ గీత అంటారు. అది కనపడకపోతే మూడో జవాబు మీద ఉన్నారో, 'సబ్మిట్' మీద ఉన్నారో తెలియదు. ఎంటర్ కొట్టేశాక తెలిసి ఏం లాభం!

విచిత్రమేంటంటే ఆ గీత కోసం ఎవరూ కష్టపడక్కర్లేదు. బ్రౌజరే గీసి పెడుతుంది. పనిగట్టుకుని చెరిపేది డిజైనర్లే. 2007లో ఎరిక్ మేయర్ అనే వెబ్ నిపుణుడు అందరూ వాడుకోవడానికి ఇచ్చిన 'రీసెట్ సీఎస్ఎస్'లో ఆ గీతను తీసేసే వాక్యం ఒకటుండేది. 'సొంత గీత పెట్టుకోవడం మరవకండి' అన్న అర్థంలో పక్కనే ఓ గమనిక కూడా రాశాడాయన. కాపీ కొట్టినవాళ్లలో చాలామంది ఆ గమనికను పట్టించుకోలేదు.

సరే, గీత పెట్టారనుకుందాం. ఏ రంగు? కోర్సు లోగోకి నప్పే రంగు వేసేస్తే సరిపోదు. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాల ప్రకారం ఆ గీతకీ, దాని పక్కనున్న రంగుకీ మధ్య వెలుగుల తేడా కనీసం 3:1 ఉండాలి. తెలుపు, నలుపుల మధ్య అది 21:1. తెలుపు మీద ముదురు నీలం అయితే సుమారు 8.6 వస్తుంది, బ్రహ్మాండం. అదే నీలాన్ని నల్లటి వీడియో ప్లేయర్ మీద పెడితే 2.4కి పడిపోతుంది. తెలుపు మీద పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉన్నా లేనట్టే.

బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకేకి ఈ చిక్కే వచ్చింది. నారింజ కలిసిన పసుపు గీత వాడేవాళ్లు. తెల్లటి పేజీ మీద దాని తేడా రెండుకు కూడా చేరదు. 2019లో మార్చారు. పసుపుని వదల్లేదు, దానికి మందపాటి నల్లగీతను జత చేశారు. తెలుపు మీద నలుపు కనిపిస్తుంది, చీకటి మీద పసుపు కనిపిస్తుంది. 2020లో క్రోమ్ బ్రౌజరూ ఇదే దారి పట్టింది. ముదురు గీత పక్కన తెల్లగీత వేసింది. పాఠాల వీడియోలో వెనక బొమ్మ క్షణక్షణం మారుతుంది కాబట్టి ఒకే రంగుని నమ్ముకోవడం కంటే ఈ జోడీయే మేలు.

కోర్సులు తయారుచేసేవాళ్లకి మరో తంటా ఉంది. క్విజ్‌లో ఆకుపచ్చ అంటే ఒప్పు, ఎరుపు అంటే తప్పు. ఫోకస్ గీత కూడా ఆకుపచ్చే అయితే పిల్లాడు 'ఇదే జవాబు కాబోలు' అనుకోడూ? పైగా ఆ రెండు రంగులకీ తేడా తెలియనివాళ్లున్నారు, వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. అందుకే ఆ రెండింటినీ గీతకు వాడకపోవడం ఉత్తమం. ఎంచుకున్న జవాబు గుర్తూ, ఫోకస్ గుర్తూ ఒకేలా ఉండకూడదు.

మందం కూడా ముఖ్యమే. 2023లో వచ్చిన 2.2 ప్రమాణాల్లో అన్నిటికన్నా పైస్థాయి కోరేవాళ్లకి రెండు పిక్సెళ్లయినా ఉండాలన్నారు. 'మౌస్‌తో నొక్కినా గీత వస్తోంది, అందం పోతోంది' అనే డిజైనర్ల గొడవకీ మందు దొరికింది. 'ఫోకస్ విజిబుల్' అనే సీఎస్ఎస్ సదుపాయంతో మౌస్‌తో నొక్కిన బటన్‌కి గీత రాదు, కీబోర్డుతో వస్తే కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. కోర్సు పెట్టేవాళ్లు మౌస్ తీగ పీకేసి, తాము తయారుచేసిన పరీక్షే ఒకసారి మొదటి ప్రశ్న నుంచి 'సబ్మిట్' దాకా రాసి చూస్తే చాలు, గడియారం ఆపకుండా.